రిఫరెన్స్ సేవపై పరిశోధన మొదలుపెడుతున్న వసుధకు

చిరంజీవి వసుధకు ఆశీస్సులు.

రిఫరెన్స్ సేవ మీద, అంటే పాఠకుడు అడిగినదానికి లైబ్రేరియన్ స్వయంగా సాయపడి సమాచారం వెతికిపెట్టే పని మీద, పిహెచ్.డి. చేయాలని నిశ్చయించుకున్నానని, ఆ తరువాత కూడా ఇదే విషయంలో బోధన, పరిశోధన సాగించాలని ఉందని నీవు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. అంశాన్ని ఎలా కుదించుకోవాలి, ఎవరెవరిని చదవాలి అని అడిగావు. ఆ రెండింటికంటే ముందు నీవు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. నీవు పరిశీలించబోయేది పాఠకుడికి దొరికిన జవాబునా, లేక ఆ జవాబు కోసం ఇద్దరు మనుషుల మధ్య నడిచిన మాటలనా? మన విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో నేను చూసినవి చాలావరకు మొదటిదాని దగ్గరే ఆగిపోయాయి. నీవు రెండోదాన్ని పట్టుకోవాలని నా గట్టి కోరిక.

లైబ్రేరియన్ పాఠకుడికి స్వయంగా సాయపడాలన్న ఆలోచనకు నాందిగా 1876లో శామ్యూల్ స్వెట్ గ్రీన్ రాసిన వ్యాసాన్ని చెబుతారు. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రజా గ్రంథాలయంలో పనిచేసిన ఆయన, వచ్చినవాడు చేతిపనివాడైనా, వ్యాపారి అయినా, బడిపిల్లవాడైనా ఆదరంగా పలకరించి, అసలేం కావాలో తెలుసుకోవాలని అందులో రాశారు. పరీక్ష కోసం ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకుని వ్యాసాన్ని వదిలేయడం మనకు అలవాటైపోయింది. నీవు అసలు వ్యాసమే చదువు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారిని కూడా అలాగే చదవాలి. 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను వల్లించని విద్యార్థి లేడు గానీ, పాఠకుడికీ పుస్తకానికీ మధ్య సాయపడే మనిషి ఉండి తీరాలని ఆయన ఎంతగా పట్టుబట్టారో గమనించేవారు తక్కువ.

వీరి తరువాత నీవు ఎక్కువ కాలం గడపవలసింది రాబర్ట్ టేలర్‌తో. పాఠకుడి ప్రశ్న నాలుగు దశలు దాటి మన దగ్గరకు వస్తుందని ఆయన 1968లో వివరించారు. మొదట మాటకు అందని వెలితి ఉంటుంది. తరువాత తనకే అస్పష్టంగా తోచే అవసరం. ఆపైన సూటిగా చెప్పగలిగే ప్రశ్న. చిట్టచివర, ఈ గ్రంథాలయంలో ఏం దొరకవచ్చో ఊహించుకుని దానికి తగ్గట్టు మార్చి అడిగే ప్రశ్న. మనకు వినబడేది ఈ చివరిదొక్కటే. జిల్లా గ్రంథాలయానికి వచ్చిన రైతు వ్యవసాయం పుస్తకాలు ఎక్కడున్నాయని అడుగుతాడు. ఆయనకు నిజంగా కావలసింది తన మిరపతోటకు ఆకుముడత ఎందుకు వస్తోందో, ఏం చేస్తే తగ్గుతుందో తెలియడం. ఆయన అడిగిందానికి అల్మారా చూపించిన ఉద్యోగి తప్పు జవాబు చెప్పలేదు, అయినా రైతు పని కాలేదు. ఎన్ని పుస్తకాలు ఇచ్చారో, ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చారో లెక్కగట్టే ఏ పట్టికలోనూ ఈ వైఫల్యం కనిపించదు. దానికి ముందూ వెనుకా నడిచిన మాటలను వింటేనే బయటపడుతుంది.

అంకెలతోనే ఈ సేవను కొలవాలనుకున్నవారి పని కూడా నీకు తెలిసి ఉండాలి. పీటర్ హెర్నన్, చార్లెస్ మెక్‌క్లూర్ 1986లో, పరీక్షిస్తున్నామని సిబ్బందికి తెలియనివ్వకుండా ప్రశ్నలు అడిగించి, సరైన జవాబు సుమారు 55 శాతం సార్లే వస్తోందని ప్రకటించారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో జోన్ డ్యూరెన్స్ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ విలువైనదిగా తోస్తుంది: ఈ పాఠకుడు మరోసారి ఇదే లైబ్రేరియన్ దగ్గరకు వెళ్తాడా? జవాబు ఒక్కటే ఫలితమైతే ఆ ప్రశ్నకు చోటే లేదు. ఇద్దరి మధ్య ఏర్పడిన నమ్మకం కూడా ఫలితమే అనుకున్నప్పుడే అది పుడుతుంది.

ఇక్కడికి వచ్చాక గ్రంథాలయ శాస్త్రం ఒక్కటే చాలదు. సంభాషణా శాస్త్రంలోకి అడుగుపెట్టక తప్పదు. ప్రతి పలుకులోనూ విషయం ఒకటి, మాట్లాడుకునేవారి సంబంధం గురించిన సూచన మరొకటి ఉంటాయని వాట్జ్‌లావిక్, ఆయన సహరచయితలు 1967లో వివరించారు. మేరీ రాడ్‌ఫోర్డ్ ఆ సూత్రాన్ని తీసుకుని విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోని రిఫరెన్స్ డెస్క్ దగ్గరకు వెళ్లారు. లైబ్రేరియన్‌నూ పాఠకుడినీ విడివిడిగా అడిగి, బాగా జరిగిన సందర్భం ఏది, బాగా జరగనిది ఏది, ఎందుకు అని చెప్పించారు. ఒకే సంభాషణను ఇద్దరూ వేర్వేరుగా తూచారని, లైబ్రేరియన్లు సమాచారం వైపు చూస్తుంటే పాఠకులు ఎదుటి మనిషి తీరుకు ఎంతో బరువు ఇచ్చారని తేలింది. నీ పనికి నమూనా కావాలంటే నేను దీన్నే చూపిస్తాను. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ రచనలు కూడా చదువు. నలుగురిలో పరువు నిలుపుకోవడానికి మనుషులు పడే యాతనను ఆయన విశ్లేషించిన తీరు, ఈ మాత్రం తెలియదా అంటారేమోనన్న నామోషీతో డెస్క్ దగ్గరకు రాని మన విద్యార్థికి సరిగ్గా వర్తిస్తుంది.

ఆ రాని విద్యార్థిని నీవు మరిచిపోకూడదు. కాన్‌స్టెన్స్ మెలన్ 1986లో, కళాశాల విద్యార్థులు తమ వెతుకులాట గురించి రాసుకున్న రాతలను చదివి, వారిలో 75 నుంచి 85 శాతం మంది గ్రంథాలయంతో తమ తొలి అనుభవాన్ని భయంగానే వర్ణించారని చూపించారు. ఆవిడ ప్రశ్నావళి పంచలేదు. పిల్లల మాటల్లోనే వెతికారు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి ఒక పూట కూర్చో. పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులతో హాళ్లు నిండి ఉంటాయి, చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వారు సిబ్బందిని ఏం అడుగుతారు, ఏం అడగరు, అడగకుండా ఎవరి దగ్గర తెలుసుకుంటారు? దీనిమీద ఎవరైనా మనసు పెడితే ఒక జీవితకాలానికి సరిపడా పని ఉంది.

పద్ధతి గురించి ఇంకొంచెం రాయాలి, ఎందుకంటే మన దగ్గర పరిశోధన దెబ్బతినేది ఇక్కడే. 'చాలా తృప్తి' నుంచి 'అసంతృప్తి' దాకా ఐదు గళ్లున్న ప్రశ్నావళిని పంచి, శాతాలు తీసి, సిఫారసులతో ముగించే దారి సులువుగా కనబడుతుంది. కానీ ఎదురుగా ఉన్న ఉద్యోగిని నొప్పించడం ఇష్టంలేక మన పాఠకులు 'తృప్తి' గడిలోనే టిక్కు పెడతారు. నీవు ఇద్దరి అనుమతీ రాతపూర్వకంగా తీసుకుని సంభాషణను రికార్డు చెయ్యి. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, మనిషిని పట్టించే వివరాలన్నీ తీసేశాకే విశ్లేషణకు కూర్చో. రికార్డింగుకు ఒప్పుకోని చోట కెనడాలో కేథరిన్ రాస్, పాట్రీషియా డ్యూడ్నీ ఎంచుకున్న దారి ఉంది: వారు తమ విద్యార్థులను నిజమైన ప్రశ్నతో గ్రంథాలయాలకు పంపి, జరిగినదంతా వరుసగా రాయించారు. నీ గ్రంథాలయ శాస్త్ర పీజీ (ఎం.ఎల్.ఐ.ఎస్‌సి.) విద్యార్థులతో రేపు నీవూ ఆ పని చేయించవచ్చు, వారికది మంచి పాఠం కూడా అవుతుంది.

సంభాషణ తెలుగులో జరిగితే తెలుగులోనే అక్షరబద్ధం చెయ్యి. సిద్ధాంత గ్రంథం ఇంగ్లీషులో ఉండాలని నియమం ఉన్నా మూలాన్ని పక్కనే ఉంచు. లైబ్రేరియన్ ఒకరిని 'మీరు' అని, మరొకరిని 'నువ్వు' అని, ఇంకొకరిని 'ఏం కావాలమ్మా' అని పలకరించడంలో వయసు, చదువు, ఊరు, కట్టుబట్టల మీద వేసుకున్న అంచనా అంతా ఉంటుంది. నీకు కావలసిన సాక్ష్యం అదే. అమెరికా గ్రంథాలయ సంఘంలోని రిఫరెన్స్ విభాగం 1996లో వెలువరించి, ఆ తరువాత సవరించిన ప్రవర్తనా మార్గదర్శకాలను చదువుగానీ, మన కౌంటర్ల దగ్గర వాటిని యథాతథంగా కొలబద్దగా పెట్టవద్దు. కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడటం ఇక్కడ అందరికీ ఆదరంగా తోచదు.

సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) సమర్పించేనాడు కమిటీ శాంపిల్ ఎంత అని తప్పకుండా అడుగుతుంది. దానికి జంకవద్దు. మాటలను ఏ వర్గాల కింద విభజిస్తున్నావో నియమాలు రాసుకో, అదే భాగాన్ని నీకు సంబంధం లేని మరొకరి చేత విభజింపజెయ్యి, ఇద్దరి ఏకీభావాన్ని కోహెన్ కప్పాతో, అంటే యాదృచ్ఛికంగా కుదిరే పోలికను మినహాయించి ఏకీభావాన్ని లెక్కగట్టే కొలతతో, కొలిచి చూపించు. లెక్క అడిగేవారికి అది చాలు.

పిహెచ్.డి. తరువాతి సంగతి. అంశాలు మారుస్తూ పోయేవారి వ్యాసాల సంఖ్య త్వరగా పెరుగుతుంది, కానీ వారి పని మీద తరువాతివారు కట్టుకునేదేమీ మిగలదు. రాడ్‌ఫోర్డ్ డెస్క్ దగ్గర మొదలుపెట్టిన ప్రశ్ననే, చాట్ ద్వారా రిఫరెన్స్ సేవ వచ్చాక అక్కడికీ తీసుకువెళ్లారు. గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీకి చెందిన లిన్ కొనవేతో కలిసి, 2005లో మొదలైన ప్రాజెక్టులో వందల చాట్ సంభాషణలను చదివారు. ముఖం కనబడని చోట కూడా ఆదరం, విసుగు అక్షరాల్లో తెలిసిపోతాయని చూపించారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, ఇక రిఫరెన్స్ సేవ మీద పరిశోధనెందుకని నిన్ను అడిగేవారు ఉంటారు. మనిషిని అడగడానికి సంకోచించి యంత్రాన్ని అడుగుతున్నవారు దేనికి సంకోచిస్తున్నారన్నది నీ ప్రశ్నలోని భాగమే కనుక, ఆ మార్పు నీ పనిని పెంచుతుందే తప్ప తగ్గించదు.

చేరబోయే ఉద్యోగం పూర్తిగా బోధనదైనా, వారంలో ఒక పూట డెస్క్ దగ్గర కూర్చునే వీలు అడిగి తీసుకో. జర్నల్ వ్యాసం అచ్చయిన ప్రతిసారీ, నీకు సహకరించిన గ్రంథాలయ సిబ్బంది కోసం అదే సంగతిని తెలుగులో నాలుగు పేజీల్లో రాసి, వెళ్లి వారికి చదివి వినిపించు. వారు ఒప్పుకోని చోట మళ్లీ ఆలోచించు. ఉద్యోగులను తప్పుపట్టడానికి వచ్చిన మనిషిగా నీవు వారికి కనబడితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. కౌంటర్ దగ్గర ఒక్కరే రిజిస్టరు, సర్క్యులేషన్, ఫోను అన్నీ చూసుకుంటున్న చోట ముక్తసరి జవాబుకు కారణం మనిషి స్వభావమే కానక్కరలేదని నీ విశ్లేషణలో రాయడం మరువకు.

సినాప్సిస్ ముసాయిదా పంపుతానన్నావు. దానికంటే ముందు మీ గైడ్ గారికి చెప్పి, మీ గ్రంథాలయంలోనే అనుమతితో కొద్దిపాటి సంభాషణలు రికార్డు చేసి, పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి పంపు. వాటిని ఇద్దరం చదివాక పరిశోధన ప్రశ్నను ఏ మాటల్లో రాయాలో ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు