పైథాన్‌లో పైప్‌లైన్ పెద్ద ఫైల్ దగ్గర ఆగిపోతుంటే

పైథాన్‌లో వేరే ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్‌తో జెడ్‌క్యాట్ (zcat, కుదించిన ఫైల్‌ని విప్పి ఇచ్చేది), గ్రెప్ (grep, అందులో కావలసిన వరుసలు వెతికేది) కలిపి నడిపితే చిన్న లాగ్‌కి బాగానే ఉందని, పెద్దదానికి కదలకుండా నిలిచిపోతోందని రాశారు కదండీ. తప్పు గ్రెప్‌ది కాదు. జెడ్‌క్యాట్‌ని మొదలుపెట్టగానే మీరు వెయిట్ (అది ముగిసేదాకా ఆగమనే wait) పిలుస్తున్నారు, అప్పటికి గ్రెప్ మొదలే కాలేదు. లినక్స్‌లో పైపు, అంటే ఒక ప్రోగ్రాం రాసింది ఇంకోదానికి అందించే దారి, మామూలుగా 64 కిలోబైట్లే పడుతుంది. అది నిండాక ఎవరైనా చదివితే తప్ప జెడ్‌క్యాట్ ముందుకు రాయలేదు. మీ ప్రోగ్రామేమో అది ముగిస్తే గానీ గ్రెప్‌ని లేపదు. చిన్న లాగ్‌లో వచ్చే డేటా ఆ 64లో ఇమిడిపోయింది కాబట్టి సమస్య బయటపడలేదు.

ఆ వెయిట్ తీసేయండి. రెండింటినీ పోపెన్ (Popen, ప్రోగ్రాంని మొదలుపెట్టి ఆగకుండా ముందుకెళ్లేది) తో వెంటవెంటనే మొదలుపెట్టి, మొదటిదాని ఎస్‌టీడీ‌అవుట్‌ని (stdout, అది రాసేది బయటికొచ్చే చోటు) రెండోదాని ఎస్‌టీడీ‌ఇన్‌గా (stdin, అది చదువుకునే చోటు) ఇవ్వండి. ఆ వెంటనే మీ ప్రోగ్రాం చేతిలో మిగిలిన ఎస్‌టీడీ‌అవుట్‌ని క్లోజ్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. క్లోజ్ చేయకపోతే గ్రెప్ మధ్యలో ముగిసినా పైపుకి చదివేవాళ్లు ఇంకా ఉన్నట్టే లెక్క, జెడ్‌క్యాట్‌కి సిగ్‌పైప్ (చదివేవాళ్లు లేరని చెప్పి దాన్ని ఆపేసే సంకేతం, SIGPIPE) అందదు, మళ్లీ అదే ఆగిపోవడం.

ఇక గ్రెప్ మీద కమ్యూనికేట్ (అది ఇచ్చేదంతా చదివి, ముగిసేదాకా ఆగే communicate) పిలిచి, ఆ తర్వాతే జెడ్‌క్యాట్‌కి వెయిట్ పెట్టి రెండింటి రిటర్న్ కోడ్‌లూ (ఎలా ముగిశాయో చెప్పే అంకెలు) చూడండి. గ్రెప్ 1 ఇస్తే వెతికింది దొరకలేదని అర్థం, 2 ఇస్తేనే లోపం.

మొత్తం ఆదేశాన్ని ఒకే స్ట్రింగ్‌గా రాసి, దాన్ని షెల్‌తో నడిపించే షెల్ ట్రూ (shell=True) పెట్టేద్దామనిపిస్తుంది. ఫైల్ పేరు బయటివాళ్లు ఇచ్చేదైతే దయచేసి ఆ పని చేయకండి, పేరులో ఆదేశం దాచి పంపితే షెల్ దాన్నీ నడిపేస్తుంది.