రేపేంటో తెలియనప్పుడు: పాఠకుల ప్రశ్నలు, అక్కయ్య జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలామందిది ఒకటే బాధ, ఏం జరుగుతుందో తెలియట్లేదు, దేవుణ్ణి నమ్మమంటున్నారు, ఎలా నమ్మాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: అక్కా వందనాలు. మా ఆయన ఉద్యోగం పోయి నాలుగు నెలలు దాటింది. ఇంటర్వ్యూలకి వెళ్తున్నారు, మళ్లీ చెప్తాం అంటారు, అంతే. చర్చిలో అందరూ యిర్మీయా 29:11 పట్టుకుని ప్రార్థన చెయ్యమ్మా అంటున్నారు, చేస్తున్నా, కానీ రాత్రయ్యేసరికి భయం, నిద్ర పట్టదు. నిజంగా నమ్మకం ఉంటే భయం ఉండకూడదు కదా? నాలోనే ఏదైనా లోపం ఉందా? (పేరు రాయొద్దన్న సోదరి)

జవాబు: చెల్లెమ్మా, ముందు నీ చివరి మాటకే జవాబు చెప్పేస్తా. లోపం ఏమీ లేదు. 56వ కీర్తనలో దావీదు "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్నాడు, భయం తగ్గాక వస్తా అనలేదు, భయం వేసిన రోజునే వచ్చాడు. కొడుకు కోసం యేసు దగ్గరకొచ్చిన ఆ తండ్రి మార్కు 9లో "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరిచాడు, ముందు పూర్తి నమ్మకం తెచ్చుకుని రా పో అని ప్రభువు వెనక్కి పంపలేదు కదా, పిల్లాడు బాగయ్యాడు.

ఇక ఆ యిర్మీయా 29:11, మీ గురించి నావి సమాధానకరమైన ఉద్దేశములే, హాని చేసేవి కావు అని దేవుడు చెప్పిన మాట. అందరం స్టేటస్‌లో పెట్టుకునే వచనం. అసలు అది ఒక ఉత్తరంలోది, బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లకి యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం. ఒక్క వచనం పైకి వెళ్లి చూడు, 70 సంవత్సరాలు అని ఉంటుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే పోతారు, ఆ సంగతి వాళ్లకీ అర్థమయ్యే ఉంటుంది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఆయన మందిరంలో జనమందరి ముందు నిలబడి రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, బబులోను రాజు కాడి విరిగిపోతుంది అని ప్రవచనం చెప్పేశాడు, వినడానికి ఎంత హాయిగా ఉండుంటుందో. యిర్మీయా కూడా ముందు ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు (ఆయనకి మాత్రం ఆశ ఉండదా), కానీ అది దేవుడు పంపిన మాట కాదు, హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. దేవుడు పంపిన మాట ఏంటంటే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం నన్ను ప్రార్థించండి అని. 70 ఏళ్లు, తోటలు, "సమాధానకరమైన ఉద్దేశములు", మూడూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి, మనం మూడోదొక్కటే కత్తిరించి తెచ్చుకున్నాం.

కాబట్టి ఈ నెలాఖరుకి ఉద్యోగం వచ్చేస్తుంది, ఇదే వాగ్దానం అని ఎవరైనా అంటే వాళ్ల ప్రేమ తీసుకో, డేట్ మాత్రం తీసుకోకు. ఆ డేట్ దాటిపోతే నీకు కోపం వచ్చేది దేవుడి మీద, ఆయన ఆ డేట్ ఇవ్వనే లేదు. ఉద్యోగం రావచ్చు, ఆలస్యం కావచ్చు, తక్కువ జీతానిది రావచ్చు, నాకు తెలియదు, మీ చర్చిలో వాళ్లకీ తెలియదు. దానియేలు 3లో షద్రకు, మేషాకు, అబేద్నెగో, తన బంగారు బొమ్మకి మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న బబులోను రాజు ముందు నిలబడి, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ బొమ్మకి మాత్రం మొక్కం అన్నారు. ఇవాళ ఎవరైనా ప్రార్థనలో "ఒకవేళ" అంటే నెగటివ్‌గా మాట్లాడకు అని నోరు మూయిస్తున్నారు, నాకైతే బైబిల్లో అంతకన్నా ధైర్యమైన మాటలు చాలా తక్కువే కనిపిస్తాయి. వాళ్ల నమ్మకం దేవుడు ఏం చేస్తాడన్న దాని మీద కాదు, ఆయనెవరో తెలుసు, అంతే.

రాత్రి సంగతి. భయం వేస్తే దాన్ని దాచి గంభీరమైన మాటలతో ప్రార్థన చెయ్యకు, అద్దె, పిల్లల ఫీజు, ఆయన మొహంలో దిగులు, ఏదుంటే అది పేరు పెట్టి చెప్పెయ్. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా ఈ రోజు ఆహారమే అడగమన్నాడు, వచ్చే ఏడాదిది కాదు. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడు, కీడు లేదని అనలేదు చూశావా. పొద్దున లేచాక ఆ రోజు చెయ్యాల్సిన పని ఒకటి ఇద్దరూ కూర్చుని రాసుకోండి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ అప్లికేషన్ పెట్టాలి, ఏ ఖర్చు ఆపాలి. మీ ఆయనతో కలిసి ప్రార్థన చెయ్యి, ఆయనకి నీకన్నా ఎక్కువ భయం ఉండొచ్చు, మగవాళ్లు చెప్పరు.

ఇది సంఘ పెద్దలు కూడా చదువుతారని రాస్తున్నా. వచనం చెప్పి పంపించేయడం తేలిక. బట్టల్లేనివాడికి, తిండిలేనివాడికి సమాధానంగా వెళ్లు అని చెప్తే ఏం ప్రయోజనం అని యాకోబు 2లోనే అడిగాడు. ఆ ఇంటి అద్దె ఎలా కడుతున్నారో ఒక్కరైనా అడిగారా?

ప్రశ్న: అక్కా, నాకు వేరే దేశంలో ఉద్యోగం ఆఫర్ వచ్చింది. వెళ్లాలా వద్దా తెలియట్లేదు. దేవా, శుక్రవారంలోపు వాళ్లు జీతం పెంచితే వెళ్తా, లేకపోతే నీ చిత్తం కాదు అని గిద్యోనులా ఒక గుర్తు పెట్టుకున్నా. ఇది కరెక్టేనా? (ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, గిద్యోను కథ ఇంకోసారి చదువు, న్యాయాధిపతులు 6. ఉన్ని మీదే మంచు పడాలి, నేల పొడిగా ఉండాలి అని గుర్తు అడిగి ఉన్ని పరిచేటప్పటికే ఏం చెయ్యాలో దేవుడు ఆయనకి చెప్పేశాడు, 36వ వచనంలో "నువ్వు చెప్పినట్టు" అని గిద్యోనే ఒప్పుకుంటున్నాడు. తెలియనిది తెలుసుకోడానికి కాదు, తెలిసినది నమ్మలేక అడిగాడు, ఒకసారి చాలక రెండోసారి కూడా. దేవుడు ఓపిగ్గా భరించాడు సరే, కానీ అది మనకి పద్ధతిగా ఇచ్చాడని ఎక్కడా లేదు. జీతం పెంచేది హెచ్‌ఆర్, దాని మీద నీ జీవితం పెట్టకు.

పౌలు ఎలా వెళ్లాడో చూడు, అపొస్తలుల కార్యములు 16. ఆసియలో (ఖండం కాదు, అప్పటి ఒక రోమా ప్రాంతం) వాక్యం చెప్పబోతే పరిశుద్ధాత్మ ఆపాడు, బితూనియకి వెళ్లబోతే అదీ కుదరలేదు, త్రోయకి వచ్చాక రాత్రి దర్శనం, అప్పుడు మాసిదోనియ. నడుస్తూ ఉన్నప్పుడు తలుపులు మూసుకున్నాయి, ఆయన ఇంట్లో కూర్చుని గుర్తు కోసం ఎదురు చూడలేదు. దర్శనం వచ్చాక కూడా అందరూ కలిసి ఆలోచించుకుని, దేవుడు పిలిచాడని నిశ్చయించుకునే బయల్దేరారు. నువ్వూ అడగాల్సినవి అడుగు, కాంట్రాక్ట్ ఎన్నేళ్లు, అమ్మానాన్నని ఎవరు చూస్తారు, అక్కడ ఆదివారం ఆరాధనకి వెళ్లే వీలుందా, అసలు ఎందుకు వెళ్లాలనుకుంటున్నావు. రెండూ పాపం కాని దారులైతే ఒకటి ఎంచుకో. తప్పు బస్సు ఎక్కితే దేవుడు స్టాప్‌లోనే వదిలేసి వెళ్లిపోతాడన్నట్టు చాలామంది బతుకుతున్నారు. అబ్రాహాము ఎక్కడికెళ్తున్నాడో తెలియకుండానే బయల్దేరాడని హెబ్రీ 11:8లో ఉంది, పైగా కరువొస్తే ఐగుప్తుకి వెళ్లి అక్కడ భార్యని చెల్లెలని చెప్పి గండం తెచ్చుకున్నాడు, దేవుడు ఆయన్ని వదిలేశాడా?

ప్రశ్న: ఇన్సూరెన్స్ తీసుకోవడం, సేవింగ్స్ పెట్టుకోవడం అవిశ్వాసమా? మా యూత్ గ్రూప్‌లో పెద్ద గొడవ అయింది.

జవాబు: కాదు. కరువు రాబోతోందని ఏడు పంట సంవత్సరాల్లో ఐదో వంతు దాచిపెట్టమని ఐగుప్తు రాజు ఫరోకి చెప్పిన యోసేపు అవిశ్వాసి కాదు కదా. లూకా 12లో కొట్లు పెద్దవి కట్టించాలనుకున్న ధనవంతుణ్ణి ప్రభువు వెర్రివాడా అన్నది దాచుకున్నందుకు కాదు, దేవుడి సంగతే మర్చిపోయి ఇక నా ప్రాణానికి ఢోకా లేదు అనుకున్నందుకు. పాలసీ తీసుకోండి, గొడవ ఆపండి.

ప్రశ్న: అక్కా, మా పాప స్కానింగ్ రిపోర్ట్ కోసం చూస్తున్నాం, ఇంకో టెస్ట్ అంటున్నారు. మోకాళ్లూనితే మాటలు రావట్లేదు. మందులు ఆపి విశ్వాసంతో నిలబడమని ఒకావిడ చెప్పింది, అది విన్నప్పటి నుంచి ఇంకా గందరగోళంగా ఉంది. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మందులు ఆపకు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు. హిజ్కియా రాజుకి జబ్బు చేస్తే దేవుడే 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని మాటిచ్చాడు, మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు, 2 రాజులు 20లో ఉంది. దేవుడు స్వయంగా బాగుచేస్తానన్న మనిషికే వైద్యం జరిగింది, మన పాపకి ఎందుకు వద్దు? ఆ ఒకావిడకి కూడా ఈ అధ్యాయం చూపించు, కోప్పడకుండా.

మాటలు రాకపోతే రానివ్వు. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మే మూలుగులతో మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26. చదవగలిగితే 13వ కీర్తన చదువు, "ఎన్నాళ్లవరకు" అని దావీదు రెండు వచనాల్లోనే నాలుగుసార్లు అడిగాడు, అడిగినందుకు దేవుడు కోప్పడలేదు, ఆ ప్రశ్నల్ని తన పుస్తకంలో పెట్టుకున్నాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అంత మాత్రాన ఎవరూ దాన్ని బైబిల్లోంచి తీసెయ్యలేదు. హాస్పిటల్‌కి ఒక్కదానివే వెళ్లకు, మాట్లాడకుండా పక్కన కూర్చోగలిగే మనిషిని ఒకరిని తీసుకెళ్లు, కష్టాల్లో ఉన్న యోబు దగ్గరకొచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు తెరవనంతవరకు బాగానే ఉన్నారు.

ప్రశ్న: కానుక పంపితే నా అప్పులు తీరిపోతాయని ఒక సేవకుడు ఫోన్‌లో ప్రవచించారు. ఇప్పటికే అప్పుల్లో ఉన్నా, ఇంకో అప్పు చేసి పంపమంటారా? (ఒక సోదరుడు)

జవాబు: పంపొద్దు బ్రదర్. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు పోయాక ఎంత బతిమాలినా ఎలీషా ప్రవక్త ఏమీ తీసుకోలేదు. వెనకాల పరిగెత్తి వెండి, రెండు జతల బట్టలు పుచ్చుకున్నవాడు ఎలీషా పనివాడు గేహజీ, వాడికేమైందో 2 రాజులు 5 చివరి వచనంలో చూసుకోండి. ఆ నంబర్ బ్లాక్ చేసి, మీకు అప్పిచ్చినవాళ్లకి ఫోన్ చేసి నెలకి ఎంత కట్టగలరో నిజం చెప్పండి.