ఊళ్లో ఓటుంది, కార్పొరేషన్ ఎన్నికల్లో హైదరాబాద్‌లో వేయొచ్చా?

ప్రశ్న: మాది వనపర్తి జిల్లాలో ఒక పల్లె. ఆరేళ్లుగా బోరబండలో కిరాయికి ఉంటున్నాం. నాకూ నా భార్యకూ ఊళ్లోనే ఓటుంది. సర్పంచ్ ఎన్నికలకు వెళ్లి వేసి వస్తుంటాం. ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో ఇక్కడే వేయాలనుకుంటున్నాం. బస్తీలో ఒకాయన ‘ఫారం 6 నింపండి, ఇక్కడ కొత్త ఓటు వస్తుంది, ఊరి ఓటు ఊళ్లోనే ఉంటుంది’ అంటున్నాడు. ఇంటి ఓనరేమో తన అడ్రసు మీద ఓటు పెట్టుకోవద్దంటున్నాడు. ఊరి ఓటు తీసేస్తే పొలం పట్టాకు ఇబ్బంది వస్తుందా? మా అబ్బాయికి ఈ మధ్యే 18 నిండాయి. వాడి సంగతి ఏమిటి?
– ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: ముందు ఆ ఫారం 6 సంగతి. దయచేసి ఆ పని చేయకండి. ఫారం 6 ఇంతవరకు ఎక్కడా ఓటు లేనివారికి. దాని చివర ‘నా పేరు వేరే ఏ నియోజకవర్గం జాబితాలోనూ లేదు’ అనే ధ్రువీకరణ కింద మీరు సంతకం పెట్టాలి. ఊళ్లో ఓటు ఉంచుకుని అక్కడ సంతకం పెడితే అది అబద్ధపు ధ్రువీకరణ. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950లో 17, 18 సెక్షన్లు ఒక మనిషికి రెండుచోట్ల ఓటు ఉండకూడదంటాయి. 31వ సెక్షన్ కింద అబద్ధం రాసినవారికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సలహా ఇచ్చినాయన రేపు మీ వెంట కోర్టుకు రాడు. సంతకం మీది.

మీకు కావలసింది ఫారం 8. అందులో నాలుగు పనులకు నాలుగు గళ్లుంటాయి. మొదటిది నివాసం మారినవారికి. అక్కడ టిక్ పెట్టి, పాత ఓటరు కార్డు నంబరు వేసి, బోరబండ చిరునామా రాయండి. ఇక్కడ పేరు ఎక్కితే అక్కడ తీసేస్తారు. మీకొకటి, మీ భార్యకొకటి, విడివిడిగా పెట్టాలి. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, కాగితం మీద నింపి బూత్ లెవల్ ఆఫీసర్ (బీఎల్‌ఓ)కూ ఇవ్వొచ్చు. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. దరఖాస్తు నంబరు మాత్రం రాసి పెట్టుకోండి, తరువాత అదే ఆధారం.

ఓనర్ మాట. కిరాయిదారులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫారంలో ఓనర్ సంతకానికి చోటే లేదు, ఆయన ఒప్పుకోలు అవసరం లేదు. ఓటరు జాబితాలో పేరుంటే కిరాయిదారు ఇల్లు కాజేస్తాడన్నది వట్టి భయం. జాబితా ఇంటి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి, గొడవ పెట్టుకోవద్దు. చట్టం చూసేది మీరు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే. సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి ఓటరు కారు, లేనంత మాత్రాన ఓటు పోదు. ఆరేళ్లుగా ఎక్కడ వండుకు తిని ఎక్కడ పడుకుంటున్నారో అదే మీ నివాసం.

రుజువు కోసం బోరబండకు మార్పించుకున్న ఆధార్ ఉంటే పని సులువు. బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, కనీసం ఏడాదిగా ఆ అడ్రసుకు వస్తున్న కరెంటు, నీళ్ల, గ్యాస్ బిల్లు కూడా చెల్లుతాయి. కిరాయి ఒప్పందం చూపాలంటే అది రిజిస్టరైనదై ఉండాలి. నగరంలో చాలామంది స్టాంపు పేపరు మీద నోటరీ చేయించుకున్నది పట్టుకొస్తారు, చెల్లే రుజువుల్లో దానికి చోటు లేదు. ఇవేవీ లేకపోయినా దరఖాస్తు పెట్టండి. అప్పుడు అధికారులు ఇంటికి వచ్చి విచారణ చేసి తీరాలి. బీఎల్‌ఓ వచ్చేసరికి మీరు డ్యూటీలో, తలుపుకు తాళం ఉంటే చిక్కే. ఫారంలో పనిచేసే ఫోన్ నంబరు రాయండి, పక్క పోర్షన్‌వాళ్లకు చెప్పి ఉంచండి.

పొలం పట్టాకూ ఓటుకూ సంబంధం లేదు, పాసుపుస్తకం అలాగే ఉంటుంది. ఊళ్లో పంచాయతీకి పోటీ చేయాలన్న ఆలోచన ఉంటే మాత్రం అక్కడ ఓటరై ఉండాలి, అది చూసుకోండి. రేపు తిరిగి ఊరు చేరితే మళ్లీ ఇదే ఫారం 8.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, గడువు. కార్పొరేషన్ ఎన్నికలు జరిపేది తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ దానికి విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ ఓటరు జాబితానే తీసుకుని డివిజన్లవారీగా, అంటే కార్పొరేషన్ వార్డులవారీగా విడగొడతారు. అంటే అసెంబ్లీ జాబితాలో లేని పేరు డివిజన్ జాబితాలోకి రాదు. 2020లో ఏమైంది? నవంబరు 17న షెడ్యూలు ఇచ్చారు, డిసెంబరు 1న పోలింగ్ పెట్టారు. మధ్యలో రెండు వారాలు. దరఖాస్తు మీద అభ్యంతరాలకే వారం ఆగాలి. ఆ రోజుల్లో నా ఆఫీసుకు వచ్చి ‘ఇప్పుడు పెట్టుకుంటే వస్తుందా సార్’ అని అడిగినవారికి జవాబు చెప్పడానికి నోరు రాలేదు. ఎలక్షన్ కబురు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే పెట్టండి.

అదే పోలింగ్ రోజు మా డివిజన్‌లో ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న ఓటరు కార్డు తీసి చూపించింది. రెండు గల్లీల అవతలికి ఇల్లు మారిందట. జాబితాలో పేరు లేదు. ముగ్గురం కలిసి ఆ కాగితాలన్నీ వేలుపెట్టి వెతికాం, దొరకలేదు. కార్డును మళ్లీ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది. కార్డు ఉండటం వేరు, జాబితాలో పేరు ఉండటం వేరు. ఓటు వేయించేది జాబితా.

డివిజన్ నంబరు కూడా కొత్తగా చూసుకోండి. 2020లో 150 డివిజన్లుండేవి. చుట్టుపక్కల పురపాలికలు కలిశాక హద్దులు మారాయి. ముసాయిదా జాబితా పెట్టినప్పుడు మీ ఇల్లు పక్క డివిజన్‌లో పడిందేమో చూసి, పడితే అప్పుడే అభ్యంతరం రాసివ్వండి.

అబ్బాయికి ఫారం 6 సరైనది. పుట్టిన తేదీ రుజువు, చిరునామా రుజువు, ఫొటో చాలు. ఒకప్పుడు జనవరి 1కి 18 నిండాలనేవారు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి.

దరఖాస్తు తిరస్కరిస్తే ఊరుకోవద్దు. 15 రోజుల్లో జిల్లా మెజిస్ట్రేట్‌కు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేయొచ్చు. పోలింగ్ కేంద్రంలో మీ ఓటు ఇంకెవరో వేసేశారని తేలినా తిరిగి రాకండి. గుర్తింపు చూపించి టెండర్ ఓటు (ఇలాంటివారు విడిగా వేసే ఓటు) కావాలని ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను అడగండి.