మాకరోనీ పలుకు మీద దించకు

బుజ్జీ,

ఆదివారం పది మంది భోజనానికి వస్తున్నారు, హవాయి మాకరోనీ సలాడ్ ఎలా చెయ్యాలి పెద్దమ్మా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం విని మిగతా సగం యూట్యూబ్‌లో చూసుకుంటావు. అందుకే రాస్తున్నా.

పాస్తా పలుకు మీద ఉండగానే దించాలని నువ్వు ఎక్కడో నేర్చుకునే ఉంటావు. ఇక్కడ అది పనికిరాదు. పులిహోరకి వండే అన్నంలా కాదు, దద్దోజనానికి వండే అన్నంలా మెత్తబడాలి. ప్యాకెట్ మీద 8 నిమిషాలని ఉంటే నువ్వు 14, 15 నిమిషాలు ఉడికించు. ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెతుకులా అణిగిపోవాలి.

హవాయిలో ఈ హొనొలులు వచ్చిన కొత్తలో నేనూ పలుకు మీదే దించాను. రాత్రి రుచి చూస్తే బ్రహ్మాండం. పొద్దున ఫ్రిజ్ తీసేసరికి మాకరోనీ మయోనైజ్‌ అంతా పీల్చేసి, బిరుసెక్కి, ముద్ద కట్టి కూర్చుంది. పక్కింటి ముసలావిడ ఒకటి నోట్లో వేసుకుని, నాలుకతో అంగిట్లో నొక్కి చూసి, ఏమీ అనకుండా గిన్నె నా చేతికిచ్చేసింది. ఆ మౌనం ఇప్పటికీ గుర్తే.

అసలు ఈ సలాడ్ ఇక్కడ ఒంటరిగా తినేది కాదు. మనవాళ్ళు చెరకు తోటల్లో పనికి మారిషస్, ఫిజీ వెళ్ళినట్టే ఇక్కడికి చైనా, జపాన్, పోర్చుగల్, కొరియా, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళు పొలానికి తెచ్చుకునే క్యారేజీని కౌకౌ టిన్ అనేవారు. కింద గిన్నెలో అన్నం, పైన కూరో చేపో. ఆ తిండి అలవాటులోంచే ఇప్పటి ప్లేట్ లంచ్ వచ్చింది: రెండు గరిటెలు అన్నం, ఒక గరిటె మాకరోనీ, పక్కన మాంసం. అన్నంతో పాటు మాకరోనీ ఏమిటని మీ పెదనాన్న మొదట్లో నవ్వారు. ఇప్పుడు అది లేకపోతే ప్లేటు ముట్టరు.

సరే, కొలతలు. అర కిలో మాకరోనీ ఉప్పు నీళ్ళలో ఉడికించి, చిల్లుల గిన్నెలో వంచి గట్టిగా కుదుపు. గొట్టాల్లో నీళ్ళు దాక్కుంటాయి. పొగలు కక్కుతుండగానే నాలుగు పెద్ద చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్ పొయ్యి. మొహం దూరంగా పెట్టుకో, ఆవిరి గొంతుకి అడ్డం పడుతుంది. వేడి మీద పీల్చుకున్న పులుపే లోపలిదాకా వెళ్తుంది, చల్లారాక పోస్తే పైపైనే ఉండిపోతుంది. పులిహోర కలిపే చేతికి ఇది వేరే చెప్పాలా?

పది నిమిషాలు ఆగి కప్పు మయోనైజ్, కప్పు పాలు, చెంచా పంచదార, ఉప్పు, మిరియాల పొడి కలిపి పొయ్యి. పులుసులా కనిపిస్తుంది, టెన్షన్ పడకు, తాగేస్తుంది. పూర్తిగా చల్లారాక ఇంకో కప్పు మయోనైజ్, సన్నగా తురిమిన రెండు క్యారెట్లు, చిన్న ఉల్లిపాయలో సగం తురిమి రసంతో సహా వెయ్యి. సెలరీ దొరికితే ఒక కాడ సన్నగా తరుగు, లేకపోతే మానెయ్. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున గట్టిపడితే రెండు మూడు చెంచాల పాలతో వదులు చెయ్యి.

మయోనైజ్ సీసాలోది కొనుక్కో, ఇంట్లో పచ్చి గుడ్డుతో గిలక్కొట్టే సరదా వద్దు. తెలంగాణలో 2024 అక్టోబరు చివర్లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది ఊరికే కాదు. మీ అత్తగారు గుడ్డు తినరు కాబట్టి ఎగ్‌లెస్ తెస్తావేమో, అది కాస్త తియ్యగా ఉంటుంది, అప్పుడు పంచదార సగమే వెయ్యి.

మీ పెదనాన్న ఒకసారి ఆవాలు, కరివేపాకు పోపు పెట్టారు. బాగానే ఉంది. కానీ అది దద్దోజనానికి తమ్ముడు, ఈ సలాడ్ కాదు. వచ్చేవాళ్ళకి హవాయి అని చెప్పి పోపు గింజలు పెట్టకు.

హైదరాబాద్ ఎండకి గిన్నె గంటకు మించి బల్ల మీద ఉంచొద్దు. సగం వడ్డించి, మిగతా సగం ఫ్రిజ్‌లోనే ఉంచు. ఐస్‌క్రీమ్ స్కూప్ ఉంటే దాంతోనే వడ్డించు, గుండ్రంగా పడుతుంది.

మీ
పెద్దమ్మ