అమ్మమ్మ లెక్క ప్రకారమే రాయండి

ప్రశ్న: మాది కోనసీమ. మా అమ్మమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు ఆవిడ గురించి చిన్న పుస్తకం వేసి పంచాలని అక్కచెల్లెళ్లం అనుకున్నాం కానీ మొదటి పేజీలోనే ఆగిపోయాం. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1940 అని ఉంది. ఆవిడేమో "యువ నామ సంవత్సరం, వరలక్ష్మీ వ్రతం నాడు పుట్టా" అనేది. పెద్ద మామయ్య చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు గోదారికి పెద్ద వరద వచ్చిందని కూడా చెప్పేది. ఇంకోటి, పిల్లలెందరని ఎవరడిగినా "ఏడుగురు" అనేది, ఉన్నది ఐదుగురం అంటారు మామయ్యలు. పసితనంలోనే పోయిన ఆ ఇద్దరి గురించి రాయొద్దు, అశుభం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆధార్ తేదీని పక్కన పెట్టేయండమ్మా. పుట్టిన తేదీ కాగితం లేని పెద్దవాళ్లకు వయసు ఉజ్జాయింపుగా అడిగి జనవరి 1 వేసేశారు, మన ఊళ్లలో సగం మంది ముసలివాళ్లు అదే రోజు పుట్టినట్టు ఉంటుంది. మీ అమ్మమ్మ చెప్పిందే అసలైన ఆధారం. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి, యువ 1935 ఉగాదికి మొదలైంది, మళ్లీ వచ్చింది 1995లో, కాబట్టి తికమకే లేదు. ఆ ఏడు శ్రావణ పౌర్ణమికి ముందు శుక్రవారం ఆగస్టు 9. గోదారి పెద్ద వరద 1953 ఆగస్టులో వచ్చింది, అప్పటికి ఆవిడకు 18 నిండాయి, చంకలో మీ మామయ్య. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి! ధైర్యంగా 1935 అని వేయండి, కింద ఆవిడ మాటనే ఉన్నదున్నట్టు రాయండి.

ఇక ఆ ఇద్దరి సంగతి. మామయ్య బాధ నాకు అర్థమవుతుంది, ఆయన్ని నొప్పించకుండా నెమ్మదిగా కూర్చోబెట్టి మాట్లాడండి, కానీ రాయకుండా మాత్రం ఉండొద్దు. కన్నది ఆవిడ. తొంభై ఏళ్ల వయసులో కూడా ఏడుగురనే చెప్పిందంటే ఒక్కరోజు కూడా వాళ్లని వదిలిపెట్టలేదన్నమాట, ఆవిడ పుస్తకంలో మనం ఐదని రాస్తే అది ఆవిడ బతుకు కాదు. మా నాయనమ్మకీ ఇలాగే ఒక కూతురు పోయింది. ఆ పాప పేరేంటో అడగాలని నాకు తోచేసరికి చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు, ఇప్పటికీ నాకది బాధే.

మిగతా పేజీలకు "మహా ఇల్లాలు, అన్నపూర్ణ" లాంటి మాటలు వద్దు, అవి ఎవరికైనా సరిపోతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు లేచినప్పుడు మీ ఇంట్లో పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారు, 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోతుంటే పశువుల్ని ఎవరు విప్పారు, ఆవకాయకి కారం ఎక్కడ దంపించేది, ఎవరితో పదేళ్లు మాట్లాడకుండా ఉంది, ఇవి అడగండి. ఆవిడ చెల్లెళ్లో, తోడికోడళ్లో, ఆ ఈడు ఇరుగుపొరుగువాళ్లో ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చోండి.

ముందుగా ఆ ఇద్దరు పిల్లల పేర్లు అడగండి.