సామెతలు 14:10 ప్రకారం మన బాధ ఎవరికీ చెప్పుకోకూడదా?

"ఎవని దుఃఖము వాని హృదయమునకే తెలియును" అని బైబిల్లోని సామెతల గ్రంథంలో ఉంది కదా, అయితే మనసులో మాట ఎవరితోనూ పంచుకోకూడదా అని అడిగారు. చెప్పుకోవద్దని అక్కడ లేదండి. ఎంత చెప్పినా అవతలివాళ్లకు పూర్తిగా అందదని ఉంది, అంతే. నా అనుభవంలో అది అక్షరాలా నిజం.

నాకు రెండుసార్లు గర్భం పోయింది. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం, గుడిలో వెనకగా చాప మీద కూర్చున్నాను. ప్రార్థన మనవులు చదువుతూ మైకులో నా పేరు, జరిగిన సంగతి మొత్తం చెప్పేశారు. ఆడవాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఒళ్లో ఉన్న బైబిలు కవరు జిప్పు లాగుతూ వేస్తూ తల దించుకుని ఉండిపోయాను. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి "దేవుని చిత్తం", "ఇంకా వయసుందిలే". మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ మైకులో చెప్పేముందు నన్నొక్క మాట అడగాలని ఎవరికీ ఎందుకు తోచలేదు? బాధలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట లాగేయడం లాంటిదని అదే సామెతలు 25లో ఉంది. దాని మీద ప్రసంగం మాత్రం నేనింతవరకు వినలేదు.

బైబిల్లోనే, పిల్లలు లేక మందిరంలో ఏడుస్తూ ప్రార్థించిన హన్నాను చూడండి. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడట్లేదు, తాగి ఉందని యాజకుడు ఏలీ మందలించాడు. మనోదుఃఖంలో ఉన్నానంది గానీ కొడుకు కోసమని ఆమె చెప్పలేదు. ఆయనా గుచ్చి గుచ్చి అడగలేదు, దీవించి పంపేశాడు. నాకు ఆ రోజు కావలసింది అలాంటి మనిషే.

ఇక ఆ వచనంలో రెండో సగం ఎవరూ పట్టించుకోరు: "ఒకని సంతోషములో అన్యుడు పాలివాడు కానేరడు." మూడోసారి ఐదో నెలలో, ఒక రాత్రి కరెంటు పోయి మెలకువ వచ్చింది. పొట్టలో ఎడమవైపు, కన్ను అదిరినట్టు అదిరింది. గ్యాసేమో అనుకున్నా. మళ్లీ అదిరింది. అన్నాళ్ల టెన్షన్ ఒక్కసారిగా దిగిపోయింది. పక్కనే ఆయన నిద్రపోతున్నారు. లేపుదామని భుజం దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. ఆయన పరాయివాడు కాదు, ఆ రెండుసార్లూ నాతో పాటు ఏడ్చిన మనిషి. అయినా లేపలేదు. తెల్లారి పాలవాడు బెల్లు కొట్టేదాకా పొట్ట మీద చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నా.

పొద్దున బిడ్డ కదిలిందని చెప్తే ఆయన వెంటనే వాళ్లమ్మగారికి ఫోన్ చేశారు. రాత్రంతా కూర్చున్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. బాబుకిప్పుడు ఆరేళ్లు.