సాస్ అమ్మండి, ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మాది మదనపల్లె. మా ఆయన జీతం 38 వేలు. 4 లక్షల ఎఫ్‌డీ, నా 8 తులాల నగలు, ఇంతే మా ఆస్తి. నేను చేసే టమాటా సాస్ చుట్టాలందరికీ నచ్చింది, అమ్మమంటున్నారు. ఎఫ్‌డీ తీసి గుజ్జు తీసే పల్పర్, సీలింగ్ మెషీన్ కొననా? లేక నగలు తాకట్టు పెట్టనా?

జవాబు: రెండూ వద్దండీ. ఆ 4 లక్షలు రేపు మీ ఆయన ఉద్యోగానికి ఏదైనా అయితే ఇల్లు గడవడానికి ఉన్న డబ్బు, దాన్ని మెషీన్లుగా మార్చేస్తే మళ్లీ సగం ధరకు కూడా ఎవరూ కొనరు. చుట్టాలు బాగుందన్నారు సరే, డబ్బిచ్చి కొన్నది ఎంతమంది?

ముందు లెక్క చూద్దాం. 10 కిలోల టమాటాలు ఉడికించి, తొక్కా గింజా పోయేలా వడకడితే 8 కిలోల దాకా గుజ్జు వస్తుంది. కిలో గుజ్జుకు 75 గ్రాముల చక్కెర, 10 గ్రాముల ఉప్పు వేసి, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, లవంగం, చెక్క మూటగట్టి అందులో వదిలి సగం కన్నా తక్కువకు వచ్చేదాకా మరిగించాలి, దించేముందు వెనిగర్. స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి చూడండి, చుట్టూ నీళ్లు ఊరితే ఇంకా అవలేదన్నమాట. బరువు తగ్గిపోతోందని ఇక్కడే చాలామంది తొందరపడి దించేస్తారు, తర్వాత సీసాలో బూజు పట్టి మొత్తం పారబోస్తారు. అమ్మే సాస్‌లో ఉప్పు కాకుండా కనీసం 25 శాతం ఘనపదార్థం ఉండాలన్నది నిబంధన కూడా. చివరికి చేతికొచ్చేది సుమారు మూడున్నర కిలోలు, అంటే 7 అరకిలో సీసాలు.

ఖర్చు నేను ఉజ్జాయింపుగా వేస్తున్నా, మీ ఊరి ధరలతో సరిచూసుకోండి. టమాటా కిలో 20 అయితే 200, చక్కెర 30, మసాలాలూ వెనిగర్ 50, గ్యాస్ 60 (వ్యాపారానికి ఇంటి సిలిండర్ వాడకూడదు, కమర్షియల్‌దే లెక్కేశా), సీసాలూ లేబుళ్లూ 140. ఇక మీ పూట శ్రమకు 200, దీన్ని దయచేసి వదిలేయకండి, ఇంటి వ్యాపారాల్లో అందరూ ఎగ్గొట్టే ఖర్చు ఇదే. మొత్తం 680. సీసా 140కి అమ్మితే 980 వస్తుంది, 300 మిగులు. బాగానే ఉంది కదా? అదే టమాటా 60 అయితే ఖర్చు 1,080, అమ్మకం మాత్రం అదే 980. కిలో 50 దగ్గర లాభం సున్నా. 2023 జులైలో మీ మదనపల్లె మార్కెట్ యార్డులోనే మేలురకం కాయ కిలో 200కు దగ్గరగా వెళ్లింది, ఇంకో సీజన్లో రైతులు రోడ్డు మీద పారబోస్తారు, మీకు నేను చెప్పాలా! కాబట్టి కాయ చవగ్గా ఉన్నప్పుడే చేసి పెట్టుకోండి, 50 దాటితే స్టవ్ వెలిగించకండి. నిల్వ కోసం సోడియం బెంజోయేట్ వేస్తే లేబుల్ మీద రాయాల్సిందే, అప్పుడు ‘ప్రిజర్వేటివ్ లేదు’ అని చెప్పుకోవడం కుదరదు.

ధరలో పెద్ద బ్రాండ్లతో పోటీకి అసలు దిగొద్దు. మీ రుచి కోసం ఎక్కువ ఇచ్చేవాళ్లే మీ కస్టమర్లు.

మొదలుపెట్టడానికి 15 వేలు చాలు, అదీ జీతంలో మూణ్నాలుగు నెలలు పక్కన పెట్టి కూడబెట్టండి. పెద్ద గిన్నె, మిక్సీ, జల్లెడతో పని నడుస్తుంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలే, అది లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకండి. ఆరు నెలలు ప్రతి వాయికీ కాయ ధర, వచ్చిన సీసాలు, అమ్మినవి, తిరిగొచ్చినవి రాసుకోండి. డబ్బంతా వేరే ఖాతాలోనే తిప్పండి, ఇంటి ఖర్చులతో కలిపితే లాభమో నష్టమో ఏడాదైనా తేలదు.

ఆ తర్వాత కూడా ఆర్డర్లకు చెయ్యి సరిపోకపోతే అప్పుడు పల్పర్ సంగతి. పూచీకత్తు లేకుండా కేంద్రం ముద్ర పథకంలోని ‘శిశు’ కింద 50 వేల వరకు అప్పు దొరుకుతుంది. పెద్ద యూనిట్‌కైతే చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షలు. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో కనుక్కోండి. అయితే ఆ రాయితీ చేతికి రాదు, అప్పుతో ముడిపడి ఉంటుంది, మూడేళ్లు యూనిట్ నడిచి కిస్తీలు సరిగ్గా కడితేనే అప్పులో సర్దుబాటవుతుంది. సబ్సిడీ వస్తుంది కదా అని మెషీన్ కొనేవాళ్లు ఈ ముక్క చదవరు.

ఇక హోటళ్లు, బేకరీలు అడుగుతాయి, నెల తర్వాత ఇస్తామంటాయి. మొదటి ఆరు నెలలు నగదుకే అమ్మండి, ఆ తర్వాత అరువిచ్చినా ఒక వాయి సరుకుకు మించి ఇవ్వొద్దు.